హైమవతి వెతికిన రెండు బల్లలు

మా వీధిలో వారం పది రోజులుగా ఒక మాట తిరుగుతోంది. మా ఎదురింటి హైమవతిని యేసుబాబు అనే పాత సామాన్ల వ్యాపారి మోసం చేశాడని, ఎవరో పోయినప్పుడు పన్నెండో రోజున దానమిచ్చిన బల్లలు ఆవిడకి అంటగట్టాడని, ఆ సంగతి తెలియక పాపం ఆవిడ వాటిని హాల్లో సోఫాకి రెండు పక్కలా పెట్టుకుని, వచ్చినవాళ్ళకి వాటి మీదే కాఫీలు పెడుతోందని. మొన్న కూరగాయల బండి దగ్గర మా వీధిలోనే ఉండే సుధామణి ఈ మాట తెచ్చి నాకే చెప్పింది, నేనేమీ ఎరగనట్టు. చివర్న ఒక ముక్క తను సొంతంగా కలిపింది కూడా. హైమవతి వాళ్ళాయన పడి కాలికి కుట్లు వేయించుకోవడానికి ఆ బల్లలే కారణమట. ఆయన పడింది జూన్‌లో, బల్లలు వచ్చి నెల కూడా కాలేదు. ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు.

ఇందులో నిజమెంతో, కానిదెంతో చెప్పాల్సిన పని నాదే. బల్లలు వెతకడానికి హైమవతి ఎక్కిన ప్రతి ఆటోలోనూ పక్కన కూర్చున్నది నేను. ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం ఆగి చెబుతాను. నేను చదివింది ఐదో తరగతి. వాక్యం అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ముందు హైమవతి ఎలాంటి మనిషో తెలియాలి. పుట్టిల్లు కంకిపాడు. ఇరవై రెండో ఏట పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది, ముప్ఫై ఆరేళ్ళు కౌంటర్ వెనకాల కూర్చుంది. కవరు చేత్తో పట్టుకుని ఎంత బరువుందో చెప్పేసేది. అవతలివాళ్ళు నమ్మకపోతే తూకంలో పెట్టి చూపించేది, అంతే ఉండేది. మనిషికి ఊగిసలాట తెలియదు. కొడుకు పెళ్ళికి చీరలు కొనడానికి నన్ను మంగళగిరి తీసుకెళ్ళింది. నేను ఇంకా చెప్పులు విప్పి పరుపు మీద కూర్చుంటూ ఉండగానే ఆరు చీరలు పక్కన పెట్టించింది. మరో పావుగంటలో ఇంకో ఆరు. ఇంకా చూపిస్తానమ్మా అని కొట్టువాడు బతిమాలుకున్నాడు. నచ్చింది దొరికాక ఇంకా చూడటం ఎందుకండీ అని లేచింది. అలాంటి మనిషి రెండు చిన్న బల్లల కోసం రెండు నెలలు తిరిగింది. అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఆవిడ భర్త అనంతకృష్ణ గారు కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆరడుగుల మనిషి. జీపు ఉన్నా ఎక్కకుండా కాలవ గట్ల మీద నడిచి పని చూసేవారు. గట్టు ఎంత పొడవు తెగిందో అడుగులు వేసి చెబితే, తర్వాత టేపు పట్టుకున్నవాళ్ళకి అంతే వచ్చేదని చెప్పుకునేవారు. ఎవరి చెయ్యీ పట్టుకుని ఎరగరు. ఆయన తల్లి రాజ్యలక్ష్మి గారు నాకు నలభై ఏళ్ళ స్నేహితురాలు. నాలుగేళ్ళ కిందట పోయారు.

కిందటేడు అనంతకృష్ణ గారి కళ్ళు చూపిస్తే నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. దీని తీరు విచిత్రం. ఎదురుగా ఉన్న మనిషి కనిపిస్తాడు, పేపరు కూడా చదవగలరు. పక్కలు మాత్రం మూసుకుపోతాయి. కాళ్ళ దగ్గర పీట ఉంటే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాలని చెప్పారు. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టు. నాకు మాత్రం తెలిసింది, మా వరండాలోంచి వాళ్ళ హాలు బాగా కనిపిస్తుంది కాబట్టి. ఆయన గదిలోంచి వీధి తలుపు దాకా నడుస్తుంటే పెదాలు కదిలేవి. ఈ వయసులో జపం మొదలుపెట్టారే అని మెచ్చుకున్నాను. చాలా రోజులకి గాని తెలియలేదు, అది జపం కాదు, అడుగులు లెక్కపెట్టుకోవడమని.

వాళ్ళ హాల్లో అప్పుడు గాజు టీపాయి ఉండేది. అత్తగారు పోయాక హాలంతా కొత్తగా సర్దుకున్నప్పుడు కొన్నది. మామూలు కళ్ళకే ఉందో లేదో తెలియనంత తేటగా ఉండేది ఆ గాజు. జూన్‌లో ఒక రోజు పొద్దున ఆయన దాని మీద పడ్డారు. కాలికి పదకొండు కుట్లు పడ్డాయి. పలకరించడానికి వెళ్ళిన అందరికీ నేల తడిగా ఉంటే జారానని చెప్పారు. హైమవతి పక్కన నిలబడి అవునన్నట్టు తలాడించింది. డాక్టరు మాత్రం ఆవిడని బయటికి పిలిచి, ఈసారి కాలితో పోయింది, ఇంకోసారి పడి తుంటి విరిగితే ఈ వయసులో మంచాన పడటమేనని చెప్పి పంపాడట. ఆ మాట నాకు చెప్పినప్పుడు చేతిలో ఉన్న కాఫీ గ్లాసు ఆవిడ తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

కర్ర కొనిపెడితే ఆయన వీధి గుమ్మం వెనకాల నిలబెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. నాలుగు కాళ్ళ వాకరు మాట ఎత్తితే ఆ పూట అన్నం తినలేదు. అప్పుడు హైమవతి ఈ ఉపాయం పట్టుకుంది. గాజు టీపాయిని తీసేసి సోఫాకి రెండు కొసలా బరువైన పాత బల్లలు వెయ్యాలి. గదిలోంచి వచ్చే మనిషికి మొదటి బల్ల చేతికి తగలాలి, దాన్ని పట్టుకుని సోఫా వెంట వెళితే రెండో బల్ల తగలాలి, అక్కడి నుంచి తలుపు నాలుగే అడుగులు. చూసేవాళ్ళకి అవి సామాను, ఆయనకి ఊతం. ఆ సంగతి ఆయనకి తెలియకూడదు, తెలిస్తే అభిమానం అడ్డొస్తుంది. అందుకని పేరు కోడలు శాంభవి మీద పెట్టారు. శాంభవి మంగళగిరిలో ఉద్యోగం చేస్తుంది, మొగుడూ పెళ్ళాం ఎనిమిదింటికి వెళితే ఏడింటికి వస్తారు. మావయ్యగారి ముందు కావాలని ఫోను తెరిచి, "ఇప్పుడంతా వింటేజేనండీ అత్తయ్యా, మా ఆఫీసులో అందరూ పాత టేకు బల్లలే వేయించుకుంటున్నారు" అని బొమ్మలు చూపించింది. డబ్బులు పెట్టి పాతవి కొనడమేమిటని ఆయన నవ్వి ఊరుకున్నారు.

అలా మొదలైంది తిరుగుడు. ఇంట్లో ఆయన్ని ఒక్కరినే వదిలి వెళ్ళాలి, ఆయన కోసమే వెళ్ళాలి. ఆటో మలుపు తిరిగేలోపల హైమవతి రెండుసార్లు వెనక్కి చూసేది. పనిమనిషి మాణిక్యమ్మ పదకొండు దాకా ఉంటుంది, ఆలోపల తిరిగి రావాలి. ప్రతిసారీ మాణిక్యమ్మకి అదే మాట, కుర్చీలు జరపొద్దని, బకెట్ దారిలో పెట్టొద్దని.

మొదట బందరు రోడ్డులో ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. లోపల చల్లగా, పాలిష్ వాసన. నూరేళ్ళ నాటివని చూపించిన బల్లల్లో పురుగు తిన్న చిల్లులు కూడా ఉన్నాయి. హైమవతి ఒకదాన్ని తిరగేయించింది. పైనున్న చిల్లులన్నీ ఒకే సైజులో, సూటిగా ఉన్నాయి, కింద ఒక్కటీ లేదు. పురుగు మిషన్ పట్టుకుని వచ్చిందాండీ అని అడిగింది. అది యాంటిక్ లుక్ మేడమ్ అన్నాడు ఆ అబ్బాయి, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

తర్వాత మైలవరంలో పాత మేడ పడగొడుతున్నారని తెలిసి అక్కడికి. పాలరాయి పలకలు, ఇత్తడి అంచులు, సింహం పాదాల్లాంటి కాళ్ళు. నాకైతే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. హైమవతి బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని చెయ్యి పక్కకి జారవిడిచింది. అరచెయ్యి అంచు మీద ఆనించి, బరువంతా మోపి లేవబోయింది. బల్ల ఒక పక్కకి ఒరిగింది. ఇత్తడి మూల చేతికి గీరుకుంది కూడా. వద్దంది.

ప్రతి చోటా ఇదే పరీక్ష. కూర్చోవడం, కళ్ళు మూసుకోవడం, మోపి చూడటం, మూలలు గుండ్రంగా ఉన్నాయో లేదో తడమడం. సంచిలో ఒక పురికొస ఉండేది, దానికి రెండు ముళ్ళు వేసి ఉండేవి. నేల నుంచి బల్ల అంచు దాకా ఆ పురికొస పట్టి చూసేది. ఆ ఎత్తు ఎక్కడిది అని అడిగాను. సోఫా వెనక గోడకి బల్ల రాసుకున్న పాత గీత ఉందని, దాని ప్రకారం వేసిన ముడి అని చెప్పింది. అన్నిటికన్నా చివర్న బల్ల కిందకి చెయ్యి పోనిచ్చి, వెనక వైపు ఒక మూల తడిమి చూసేది. ఇంత ముఖ్యంగా అక్కడేముంది అని అడిగితే, చెదలు ఉన్నాయేమోనని పిన్నిగారూ, అంది. చెదలు ఒక్క మూలే ఎందుకు పడతాయో నాకు తట్టలేదు.

మంగళగిరి వెళ్ళిన రోజు సంగతి మాత్రం చెప్పక తప్పదు. అక్కడ ఒక పాత కలప అడితిలో బల్లలు చూస్తున్నాం. పదిన్నరకి హైమవతి ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారి కూడా ఎత్తలేదు. మాణిక్యమ్మకి చేస్తే, ఈ రోజు పెందలాడే అయిపోయిందమ్మగారూ, పది నిమిషాలైంది వచ్చేసి అంది. బస్సు కోసం ఆగలేదు, ఆటో మాట్లాడుకున్నాం. వారధి మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. హైమవతి పురికొస ముళ్ళు విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది. ఏమీ అయ్యుండదు, బాత్రూములో ఉండి ఉంటారని నేనంటూనే ఉన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. కింద కృష్ణలో నీళ్ళు ఎంత ఉన్నాయో కూడా నేను చూడలేదు ఆ రోజు.

తలుపు తీసేసరికి ఆయన హాలు మధ్యలో నేల మీద కూర్చుని ఉన్నారు. పడలేదు. దెబ్బలేమీ లేవు. ఫోను సోఫా మీద ఉంది, ఆయనకి నాలుగు గజాల దూరంలో. జరిగింది ఇంతే. మాణిక్యమ్మ తుడుస్తూ కుర్చీ జరిపి, తిరిగి యథాస్థానంలో పెట్టడం మర్చిపోయింది. ఆయన నడుస్తూ ఉండగా తెలియని చోట కుర్చీ తగిలింది. లెక్క తప్పింది. ఎటు ఎన్ని అడుగులో తెలియక, ఇంకో అడుగు వేస్తే ఏం తగులుతుందోనని, ఉన్నచోటే కూర్చుండిపోయారు. ఫోను మోగుతుంటే వింటూ.

"నేల చల్లగా ఉంది కదా అని కూర్చున్నానే" అన్నారు.

హైమవతి చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి ఆయన పక్కన నేల మీదే కూర్చుంది. "అవునండీ, ఈ ఎండకి నేలే హాయి" అంది. నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. నాకు ఏదీ చూడకుండా ఉండటం చేతకాదు. ఆ రోజు మాత్రం వచ్చేశాను.

ఆ తర్వాత ఆవిడ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. వెళ్ళేటప్పుడు ఆయన్ని మా వరండాలో కూర్చోబెట్టేది, మా వారితో చదరంగం ఆడుకోమని. నేను ఆవిడతో వెళ్ళేదాన్ని. శాంభవి రోజుకి పది బొమ్మలు పంపేది. ఎత్తు కుదిరితే బరువు లేదు, బరువు ఉంటే మూలలు పదును. కొత్త చెక్కకి రంగు పూసి పాతదన్నవాళ్ళు కొందరు, విరిగిన కాలికి లప్పం పెట్టి కప్పేసినవాళ్ళు కొందరు. మనిషి చిక్కిపోయింది. ఏదో ఒకటి తీసుకోవే తల్లీ, ఈలోపల ఆయన మళ్ళీ పడితే ఏం చేస్తావని కసిరాను కూడా. ఇంకో వారం చూద్దాం పిన్నిగారూ, దొరక్కపోతే అదే ఎత్తువి కొత్తవి చేయిస్తాను, అంది.

సెప్టెంబరులో కంకిపాడు వెళ్ళే దారిలో యేసుబాబు షెడ్డుకి వెళ్ళాం. అది అప్పటికి రెండోసారి. యేసుబాబు కబుర్ల మనిషి. పాత కిటికీలు, తలుపులు, ఉయ్యాల బల్లలు ఎక్కడెక్కడివో చరిత్రతో సహా చెబుతాడు. హైమవతి వరసగా మూడు బల్లలు వద్దనేసరికి తల గోక్కున్నాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇన్నిసార్లు చూడరండి అమ్మగారూ" అన్నాడు. పెళ్ళికూతురైతే తన కాళ్ళ మీద తను నిలబడుతుంది, బల్ల ఇంకొకరిని నిలబెట్టాలి కదయ్యా అని నేనన్నాను. హైమవతి నవ్వలేదు. కిటికీ రెక్కల గుట్ట వెనకాల ఉన్న వాటి వైపు చూస్తోంది.

రెండు పొట్టి బల్లలు. వాటికి ఎవరో ముదురు నీలం రంగు దట్టంగా కొట్టి ఉన్నారు. ఒక ట్యూషన్ సెంటర్ మూసేస్తుంటే బెంచీలతో పాటు వచ్చాయట. పైన పిల్లలు రాసిన పేర్లు, గీతలు. నేనైతే ఇంకోసారి చూసేదాన్ని కాదు. హైమవతి కుర్చీ అడగలేదు. పురికొస తియ్యలేదు. వంగి, వెనక మూల కిందకి చెయ్యి పోనిచ్చింది. అలాగే ఉండిపోయింది. కళ్ళు మూసుకుంది. ఎండకి తిరిగి తిరిగి కళ్ళు తిరిగాయేమోనని నేను కంగారుపడి యేసుబాబుని మంచినీళ్ళు అడిగాను. అతను గ్లాసు తెచ్చేసరికి లేచి నిలబడింది.

"ఇవి తీసుకుంటాను. రంగు మెల్లిగా గీకించండి. కాళ్ళు కొయ్యొద్దు, అడుగు వైపు అసలు ముట్టుకోవద్దు" అంది. బేరం కూడా ఆడలేదు.

వారం తర్వాత బల్లలు వచ్చాయి. నీలం రంగు పోయి టేకు చేవ తేనె రంగులో బయటపడింది. శాంభవి ఫోటోలు తీసి ఆఫీసులో అందరికీ పంపింది. అనంతకృష్ణ గారు గదిలోంచి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. మొదటి బల్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దాని మీద పడింది. ఆగారు. అరచేత్తో అంచు వెంబడి ఒకసారి రాశారు. "మంచి కర్ర" అన్నారు, అంతే. సోఫా వెంట నడిచి రెండో బల్ల పట్టుకుని, అక్కడి నుంచి తలుపు దాకా వెళ్ళారు. హైమవతి వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆయన వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాక గాని వదల్లేదు.

ఇంక అంతా బాగుందనుకున్నాను. వారం గడిచింది. ఒక రోజు ఆ సోఫాలోనే కూర్చుని కాఫీ తాగుతున్నాను. గ్లాసు పెట్టబోతుంటే జారింది, పట్టుకోబోయిన చెయ్యి బల్ల కిందకి వెళ్ళింది. వేలికి ఒక చిన్న మేకు తగిలింది. తల లేని మేకు, కొంచెం పైకి వంచి ఉంది. వెనక మూల.

రంగు కొట్టి, గీకాక బల్లల్ని పోల్చుకోలేకపోయాను గాని, ఆ మేకు నాకు తెలుసు. రాజ్యలక్ష్మి గారు తన జపమాల సంచీ దానికే తగిలించుకునేవారు. మేమిద్దరం ఆ బల్లకి చెరో పక్కా కూర్చుని ఎన్ని మధ్యాహ్నాలు ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో. చివరి రోజుల్లో ఆవిడ ఈ రెండు బల్లలూ పట్టుకునే హాల్లో నడిచేవారు.

మరి ఆ బల్లలు వెళ్ళిందెలాగో కూడా నాకు తెలుసు. మాలో పోయినవాళ్ళ పన్నెండో రోజున శయ్యాదానం ఇస్తారు. మంచం, పరుపు, దుప్పటి, గొడుగు, చెప్పులు, మంచినీళ్ళ చెంబు. పోయినవాళ్ళకి దారిలో సుఖంగా ఉండాలని. అలా ఇచ్చిన వస్తువు మళ్ళీ ఆ గడప దాటి లోపలికి రాకూడదు. డబ్బిచ్చి కొన్నా రాకూడదనే మా పెద్దలు చెప్పారు. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టే అవుతుందట, పోయినవాళ్ళ దగ్గర్నుంచి. ఆ రోజు పురోహితులు అడిగింది మంచం, పరుపే. ఈ రెండు బల్లలూ కూడా ఆవిడవే, తీసుకెళ్ళండి అని హైమవతి తనే జరిపించి పంపింది. అనంతకృష్ణ గారు గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. ఆ సాయంత్రమే గాజు టీపాయి వచ్చింది.

అంటే యేసుబాబు దగ్గర ఈ పిచ్చిది తెలియకుండా తమ దానాన్నే తిరిగి కొనుక్కుంది. నేను అలాగే అనుకున్నాను. చెబితే ఏమవుతుంది? భయపడి బల్లలు తీసేస్తుంది, ఆయన మళ్ళీ నేల మీద కూర్చుంటారు, ఈసారి కూర్చోరు, పడతారు. చెప్పకపోతే? ఏదైనా జరిగితే తెలిసి కూడా నోరు మూసుకున్న పాపం నాది. ఆ వారం వాళ్ళింట్లో పాలు విరిగినా నాకు ఉలికిపాటే. ఆయనకి రెండు రోజులు జ్వరం వస్తే మా ఇంట్లో దీపం పెట్టి రాజ్యలక్ష్మి గారిని బతిమాలుకున్నాను, నీ కొడుకు కోసమే కదమ్మా, ఓర్చుకో అని. అది మామూలు జ్వరమే, మా వారికీ వచ్చింది.

తొమ్మిది రోజులు దాచాను. నన్నెరిగినవాళ్ళకి అదెంత కష్టమో తెలుసు. పదో రోజు పొద్దున బీఆర్టీఎస్ రోడ్డులో నడుస్తుంటే సుధామణి పట్టుకుంది. హైమవతి గారి బల్లలు ఎంత బాగున్నాయో, ఎక్కడివి పిన్నిగారూ, అంటూ. అసలు సంగతి బయటపడకూడదని అడ్డం తిప్పబోయి, ఏమో, ఎవరో దానమిచ్చినవి అయ్యుంటాయి, పాత సామానంటే అంతేగా అన్నాను. ఇదే నేను ఆగి చెబుతానన్న కారణం. సగం మాట నాది. మిగతా సగం వీధి అల్లింది. మోసం చేశాడన్న మాట యేసుబాబు మీద పడింది. మూడో ఇంటివాళ్ళు అతని దగ్గర మాట్లాడుకున్న పాత అద్దం వద్దన్నారు. అతను ఆ బల్లలు ట్యూషన్ సెంటర్ నుంచి వచ్చాయని ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. అంతకు ముందు సంగతి అతనికి తెలిసే వీలే లేదు.

ఇంక అడగక తప్పలేదు. నిన్న మధ్యాహ్నం అనంతకృష్ణ గారు భోంచేసి గదిలో నడుం వాల్చాక వెళ్ళాను. హైమవతి సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పళ్ళెం ఆ బల్ల మీదే ఉంది. నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను, చేతులు ఊరికే ఉంటే నోరు పెగిలేట్టు లేదు. వీధిలో తిరిగే మాట చెప్పాను. అది నా నోట ఎలా జారిందో చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు, ఈనెలు తీస్తూనే ఉంది. అప్పుడు అడిగాను.

"హైమా, ఇవి మీ అత్తగారి బల్లలేనే. ఆ పన్నెండో రోజున ఇచ్చినవే. నీకు తెలుసా?"

"తెలుసు పిన్నిగారూ. వాటి కోసమే తిరిగాను. పురోహితుల ఇంటికి వెళ్ళి అడిగితే ఎవరో పాత సామాన్ల వాళ్ళకి ఇచ్చేశామన్నారు, పేరు గుర్తులేదన్నారు. అందుకే అన్ని కొట్లూ ఎక్కాను. ప్రతి బల్ల కిందా చెయ్యి పెట్టింది చెదల కోసం కాదు, ఆ మేకు కోసం. ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అడక్కుండా ఇచ్చేశాను, కొత్త టీపాయి మోజులో. ఇచ్చిందీ నేనే, తెచ్చిందీ నేనే, దోషముంటే అది నాకే తగలాలి. పొద్దున దీపం పెట్టేటప్పుడు రోజూ అత్తగారితో అదే చెబుతున్నాను. భయం లేదని అనను, ఉంది. ఆయనకి మాత్రం నేను చెప్పలేదు. వచ్చిన రోజు సాయంత్రమే కంటి చుక్కల సీసా చిన్న సంచీలో వేసుకుని, తడుముకోకుండా తిన్నగా ఆ మేకుకి తగిలించారు. ఆయనా నన్నేమీ అడగలేదు. మీరు వరండాలోంచి రోజూ చూస్తూనే ఉంటారుగా, మీరే చెప్పండి. ఈ మధ్య ఈ హాల్లో నడుస్తుంటే ఆయన పెదాలు కదులుతున్నాయా?"